దేవుడు చెప్పాడా, ఫీడ్ చెప్పిందా?

రాజాంలో మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అమ్మ షుగరు మాత్రలు అందులోనే. పొద్దున టిఫిన్‌కి ముందు ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. పదకొండేళ్లుగా ఆ డబ్బా అక్కడ నుంచి కదల్లేదు. పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే డబ్బా లేదు.

"మాత్రలేవమ్మా?" అని అడిగాను.

అమ్మ నవ్వింది. "ఇంకెందుకురా అయ్యి? దేవుడు ముట్టేసాడు" అంది.

సంగతేమిటంటే, క్రిస్మస్‌కి ముందు మా వైపు మూడు రోజుల సువార్త సభలు జరిగాయి. బయట ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మూడో రోజు రాత్రి షుగరున్నవాళ్లని చేతులెత్తమని, ప్రార్థన చేసి, రేపట్నుంచి మాత్ర వేసుకుంటే అది అవిశ్వాసమేనని మైకులో చెప్పేశాడు. అమ్మ ఆ రాత్రే మానేసింది. మూడు వారాలైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా తెలీదు.

నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ని కదా, ఫోన్ తీసి మొదలుపెట్టాను. హెచ్‌బీఏ1సీ అంటే ఏంటి, మూడు నెలల సగటు అంటే ఏంటి, కిడ్నీలు ఎలా పాడవుతాయి... మొత్తం చదివి వినిపించాను. అమ్మ అంతా విని, "నీ సదువు నీకాడ పెట్టుకో. దేవుడి కార్యం సదువుకి అందదు" అంది. గొడవైంది. కనుమ వెళ్లాక నేను బెంగళూరు బస్సెక్కేశాను.

ఫిబ్రవరి ఆఖర్లో రాత్రి పదకొండుకి నాన్న ఫోన్. అమ్మ కాలి బొటనవేలి మీద చిన్న పుండు, చెప్పు కరిచిందనుకున్నారు, మానడం లేదు, వేలు నల్లబడుతోంది. షుగరు 412. శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఆరు రోజులుంచారు. వేలు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు. అంతవరకు రాలేదు.

ఇక్కడిదాకా చదివిన మీలో కొంతమంది ఈపాటికే తీర్పు ఇచ్చేసుంటారు. చూశారా, ఆత్మ నడిపింపు, గీత్మ నడిపింపు అంటే ఇదే అవుతుంది అని. కాస్త ఆగండి. ఆత్మ గీత్మ లేకుండా, పూర్తిగా తెలివితేటల మీద ఆధారపడి నేను చేసిన పని కూడా చెప్తాను.

తొమ్మిది కాలమ్‌లు

దానికి ముందు ఆగస్టులో నా చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి విశాఖపట్నంలో, జీతం కాస్త పెరుగుతుంది. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రి భోజనానికి రాజాంలో ఉండొచ్చు. రెండోది బెంగళూరులో ఒక స్టార్టప్. జీతం డెబ్బై శాతం ఎక్కువ.

ఎక్సెల్ తెరిచాను. తొమ్మిది కాలమ్‌లు. ప్యాకేజీ, టెక్ స్టాక్, ఎదుగుదల, బ్రాండ్, ఇంకా ఏవేవో. ప్రతిదానికీ వెయిటేజీ. 'ఇంటికి దగ్గర' అనే కాలమ్‌కి ఐదు శాతం ఇచ్చాను. ఎందుకు ఐదు అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. మొత్తం కూడితే బెంగళూరు 8.1, విశాఖ 6.4. తేలిపోయింది.

ప్రార్థన చేశాను. అబద్ధమెందుకు, రెండు నిమిషాలు చేశాను. "ప్రభువా, ఈ అడుగుని ఆశీర్వదించు" అన్నాను. అంటే అడగలేదు. మేనేజర్‌కి పీడీఎఫ్ పంపి కింద సంతకం పెట్టమన్నట్టు చేశాను.

ఆ షీట్‌లో ఎక్కని విషయం ఒకటుంది. ఇంటర్వ్యూ రోజున, టీ తెచ్చిన కుర్రాడితో ఆ కంపెనీ పెద్దాయన మాట్లాడిన తీరు. ఆ తర్వాత పీఎఫ్ గురించి అడిగితే మాట దాటేసిన తీరు. లోపల ఏదో గుచ్చుకుంది. దానికి కాలమ్ లేదు కాబట్టి వదిలేశాను. ఏడు నెలలకి, ఏప్రిల్‌లో, జీతాలు ఆగిపోయాయి. వాళ్లు మాకు చూపించిన ఆదాయం లెక్కలు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలీదు.

అమ్మ మైకుని నమ్మింది. నేను ఎక్సెల్‌ని నమ్మాను. అప్పటికి అమ్మ మీద నాకున్న కోపం మాత్రం తగ్గలేదు. చదువుకున్నవాడి పొరపాటుకి కాస్త గౌరవం ఉంటుంది కదా!

యెహోషువ గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో గిబియోనీయుల కథ ఉంది. సండే స్కూల్‌లో విన్నాను, తర్వాత మర్చిపోయాను. పక్క ఊరివాళ్లే, ఎక్కడో దూరదేశం నుంచి వచ్చామని నమ్మించడానికి చిరిగిన సంచులు, అతుకులేసిన చెప్పులు, బూజు పట్టిన ఎండు రొట్టెలు తెచ్చారు. ఇశ్రాయేలు పెద్దలు మూర్ఖులేం కాదు. ముందు అనుమానించారు, ప్రశ్నలడిగారు, వాళ్లు తెచ్చిన ఆహారం తీసుకుని చూశారు. అంటే ఆధారాలు పరిశీలించారు. ఆధారాలన్నీ సరిపోయాయి. ఒప్పందం చేసేసుకున్నారు. మూడు రోజుల్లో మోసం బయటపడింది. అక్కడ బైబిలు పట్టే తప్పు ఒక్కటే: వాళ్లు దేవుణ్ని సంప్రదించలేదు.

డేటాతో పనిచేసేవాళ్లకి ఈ కథ బాగా తగులుతుంది. చూసిన డేటా తప్పు కాదు. రొట్టెకి నిజంగానే బూజు పట్టింది. ఏ డేటా కనబడాలో ఎదుటివాడు ముందే నిర్ణయించాడు, అంతే.

ట్రాక్టర్లు చదివిన ఇంజినీరు

క్రైస్తవుడు మనిషి జ్ఞానం కన్నా ఆత్మ ఇచ్చే వివేచన మీద ఆధారపడాలి అనే మాట ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట వింటాం. అలా బతికినవాళ్లు నిజంగా ఎలా బతికారో చూద్దామని వెతికితే, మన తెలుగు నేలతో బాగా ముడిపడిన ఒక ఇంజినీరు దొరికాడు. భక్త సింగ్.

మీ అమ్మమ్మల తరంలో ఈ పేరు తెలియని విశ్వాసులు తక్కువ. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు చేతికొచ్చిన బైబిలుని చింపేసి, అట్ట బాగుందని అదొక్కటే ఉంచుకున్నాడట. ఈ మాట ఆయనే తన సాక్ష్యంలో చెప్పేవాడు. 1926లో ఇంజినీరింగ్ చదవడానికి లండన్ కింగ్స్ కాలేజీకి వెళ్లాడు. అక్కడ నుంచి కెనడా వెళ్లి, విన్నిపెగ్‌లో మానిటోబా యూనివర్సిటీలో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివాడు. ఇవాళ ఎంఎస్ కోసం కెనడా వెళ్లే మన కుర్రాళ్లకి దాదాపు వందేళ్ల ముందు సీనియర్ అన్నమాట.

1929 డిసెంబరులో, అక్కడే, కొత్త నిబంధన చదువుతూ ఆయన మారాడు. ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడ నుంచి నేరుగా పెద్ద పెద్ద సభల దగ్గరికి దూకేస్తారు. నాకు మధ్యలో ఉన్న రెండేళ్లే ముఖ్యం అనిపించాయి. దేవుడు తనని సేవకి పిలుస్తున్నాడని అనిపించినప్పుడు భక్త సింగ్ బేరమాడాడు. నేను ఇంజినీరుగా సంపాదిస్తాను, ఆ డబ్బంతా సువార్తకి ఇస్తాను అన్నాడు. ఎంత తెలివైన ఆఫర్ చూడండి! ఎక్సెల్‌లో పెడితే పదికి పది వస్తుంది. అయినా లోపల ఒప్పుదల రాలేదు. డబ్బు కాదు, నువ్వే కావాలి అన్న మాట ఆయన్ని వదల్లేదు. రెండేళ్లకు పైగా పట్టింది తేలడానికి. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు.

సేవకి ఒప్పుకున్నప్పుడు తనకి అర్థమైన షరతులు కూడా ఆయన చెప్పేవాడు. పంజాబ్‌లో ఉన్న ఆస్తి మీద ఆశ వదులుకోవాలి. ఏ సంస్థలోనూ చేరకుండా అందరికీ సేవ చేయాలి. సొంతంగా ప్లాన్లు వేసుకోకూడదు, రోజు రోజుకీ అడిగి నడవాలి. మూడోది చదివినప్పుడు నాకు చెమట పట్టింది. మాకు మూడు నెలల రోడ్‌మ్యాప్ లేకపోతే సోమవారం మీటింగే జరగదు.

1933 ఏప్రిల్‌లో ఓడ దిగి బొంబాయి చేరాడు. అమ్మానాన్నలు ఎదురొచ్చారు. నమ్మితే నమ్ము కానీ కుటుంబం పరువు కోసం బయటికి చెప్పకు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లు వెళ్లిపోయారు. ఇంగ్లండు, కెనడా చదువులు చదివొచ్చిన కొడుకు బొంబాయిలో ఒంటరిగా మిగిలాడు, వీధుల్లో బోధించడం మొదలుపెట్టాడు.

1941లో మద్రాసులో, పల్లావరం కొండ మీద కొద్దిమంది తోటివాళ్లతో కలిసి రాత్రంతా ప్రార్థన చేశాకే అక్కడ యెహోవా షమ్మా అనే సహవాసాన్ని మొదలుపెట్టారు. 1950లో హైదరాబాద్ గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను. ఏటా జరిగే పరిశుద్ధ సమావేశాలకి వేలమంది వచ్చేవాళ్లు, అందరికీ భోజనాలు. విరాళాలు అడగకూడదు, జీతాలు ఉండకూడదు, అవసరం దేవుడికే చెప్పుకోవాలి అన్నది పద్ధతి. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో ఇప్పుడు కనబడే హెబ్రోను సహవాసాలకి మూలం ఈ పంజాబీ ఇంజినీరే.

నేను ఎదురుచూడని విషయం ఒకటి దొరికింది. చివరి పదేళ్లు భక్త సింగ్ పార్కిన్సన్స్ జబ్బుతో మంచాన ఉన్నాడు. వేలమంది కోసం ప్రార్థన చేసిన మనిషి తన చేయి తాను కదపలేని స్థితిలో, హెబ్రోనులో ఒక గదిలో, పక్కవాళ్ల సేవతో గడిపాడు. 2000 సెప్టెంబరు 17న కన్నుమూస్తే హైదరాబాద్‌లో అంత్యక్రియలకి జనసముద్రం వచ్చింది. జబ్బు తగ్గకపోతే విశ్వాసం లేనట్టే అని మైకులో అరిచేవాళ్లు ఈ పదేళ్లని ఏ లెక్కలో వేస్తారో నాకు తెలుసుకోవాలనుంది.

భక్త సింగ్‌ని దేవుడు నడిపించాడా లేదా అన్నది మీ విశ్వాసాన్ని బట్టి ఉంటుంది. నేను నమ్ముతాను. నమ్మనివాళ్లకి కూడా కనబడే విషయాలు కొన్ని ఉన్నాయి. ఆ 'నడిపింపు' ఆయనకి నచ్చింది చెప్పలేదు. ఒక్క రాత్రిలో తేలలేదు. ఆయనకి లాభం తేలేదు, ఇల్లు పోగొట్టింది. ఒంటరిగా తీసుకున్న నిర్ణయమూ కాదు, కొండ మీద పక్కన మనుషులున్నారు.

మన గోదావరి వైపు ఇంకో ఉదాహరణ ఉంది. రాజమండ్రిలో 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు. అంతకుముందు లూథరన్ సంఘంలో ఉన్నాడు. ఏటా జనవరిలో గుంటూరు దగ్గర కాకానిలో జరిగే మహాసభలు ఆయన పెట్టిన మిషన్‌వే. ఆయన బోధలో 'కనిపెట్టు' అనే మాట ఉంది. అంటే దేవుని సన్నిధిలో మౌనంగా వేచి ఉండటం. నీకు తెలియని సంగతి గురించి నేరుగా దేవుణ్నే అడుగు అంటాడు. దర్శనాల విషయంలో ఆయనతో విభేదించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వాదనలోకి నేను వెళ్లను. నాకు నచ్చింది ఆ 'కనిపెట్టు' అనే మాట. కూర్చో, తొందరపడకు అని.

స్కిప్ చేయకు!

ఉద్యోగం పోయాక నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఒక రోజు ఫోన్‌లో ఉద్యోగం లేనివాళ్లకి దేవుని వాక్కు అంటూ ఒక షార్ట్ వచ్చింది. చివరిదాకా చూశాను. మర్నాడు అలాంటివి ఏడు. మూడో రోజుకి ఫీడ్ నిండా అవే. ఈ వారమే ఫోన్ మోగుతుంది, ఈ నెలలో వీసా వస్తుంది, ఈ వీడియో నీ దగ్గరికి ఊరికే రాలేదు, స్కిప్ చేయకు...

ఊరికే రాలేదన్నది నిజమే. ఎలా వచ్చిందో నాకన్నా బాగా తెలిసినవాళ్లు తక్కువ. ఆ స్టార్టప్‌లో నా పనే అది. ఎవరికి ఏ నోటిఫికేషన్ ముందు చూపించాలో లెక్కగట్టే ప్రోగ్రాం రాసేవాణ్ని. ఒకే విషయం మీద రెండు వాక్యాలు రాసి, సగంమందికి ఇది, సగంమందికి అది పంపేవాళ్లం. ఎక్కువమంది దేన్ని తెరిస్తే అది ఉంచి, రెండోది తీసేసేవాళ్లం. ఏది నిజం అన్న ప్రశ్న ఎక్కడా వచ్చేది కాదు. వీడియో ఎంతసేపు చూశావు, మళ్లీ చూశావా, నీలాంటివాళ్లు తర్వాత ఏం చూశారు. ఇవే లెక్కలు. నా భయం ఎంత లోతో కొలిచి, దానికి సరిపడా వాగ్దానం తెచ్చి పెట్టింది ఆ యంత్రం.

ఇదంతా తెలిసినవాణ్ని. అయినా రాత్రి రెండింటికి ఒక షార్ట్ చూసి కళ్లు తుడుచుకున్నాను. ఒకే వాక్యం మూడు వేర్వేరు వీడియోల్లో వస్తే, దేవుడు మూడుసార్లు చెప్తున్నాడనుకున్నాను. అమ్మకి మైకు. నాకు అల్గారిథం. తేడా ఎక్కడుంది చెప్పండి?

ఏఐ చాట్‌బాట్‌ని కూడా అడిగాను. ఇంకో వారం ఆగాలా, రిజైన్ చేయాలా అని. భయంగా అడిగితే ఆగమంది. కోపంగా అడిగితే మానేయమంది. నా గొంతే నాకు వినబడింది, కాస్త మర్యాదగా.

అలాగని 'దేవుడు నాతో మాట్లాడాడు' అనేవాళ్లందరినీ వెక్కిరించలేను. మా యూత్ గ్రూపులో ఒకతను ఒక అమ్మాయి దగ్గరికెళ్లి, మన ఇద్దరి పెళ్లి గురించి ప్రభువు చూపించాడు అన్నాడు. ఆ అమ్మాయి, "నాకింకా చూపించలేదు బ్రదర్, చూపిస్తే చెప్తాను" అని వెళ్లిపోయింది. అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే వివేచన అంటే ఏంటో మా బ్యాచ్‌లో ఆ అమ్మాయికే బాగా తెలుసు. ఆమె దేవుడు మాట్లాడడు అనలేదు. నీకు చెప్తే సరిపోదు, నాకూ తెలియాలి అంది.

పొడుగు నోట్‌బుక్

అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా పాస్టరు గారు రాజాం నుంచి బస్సులో వచ్చారు. పెద్దాయన. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. వేదాంత కళాశాల మొహం చూడలేదు. నేను ఆయన్ని ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు, ఇంగ్లిష్ ప్రసంగాల యూట్యూబ్ ఛానళ్లు ఉండగా ఆయన ఎందుకులే అని.

మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. తిట్టలేదు.

"అమ్మా, దేవుడు సెప్పాడన్నావు కదా. నీకు సెప్పాడా, మైకులో సెప్పాడా?"

"మైకులోనే అయ్యగారూ."

"మరి నువ్వు ఇంటికొచ్చి అడిగావేటి?"

అమ్మ మాట్లాడలేదు.

"పోనీ, నిజంగా బాగైపోయిందనుకో. టెస్టు చేయిస్తే కనబడదేటి? కుష్ఠరోగిని బాగుచేశాక యేసయ్య ఏటన్నాడు? పోయి యాజకుడికి నిన్ను నువ్వు చూపించుకో అన్నాడు. అప్పట్లో బాగైందో లేదో సూసి సెప్పేవాడు యాజకుడే. దేవుడు సేసిన పని పరీక్షకి భయపడదమ్మా."

నేను గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాను. గూగుల్ ముందు పెట్టుకుని నేను అరగంట మాట్లాడినా దొరకని మాట అది. ఆ తర్వాత ఆయన హిజ్కియా రాజు సంగతి చెప్పారు. రాజుకి ప్రాణం మీదికొచ్చింది. ఏడ్చి ప్రార్థన చేశాడు. ఇంకో 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తున్నానని దేవుడు యెషయా ప్రవక్త ద్వారా చెప్పాడు. అంతటి వాగ్దానం వచ్చాక కూడా, అదే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. రెండో రాజుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయం. వాగ్దానమూ ఉంది, కట్టూ ఉంది. ప్రవక్తకి అందులో అవిశ్వాసం కనబడలేదు.

అమ్మ కాసేపు కాలి కట్టు వైపు చూసి, నర్సు ఇచ్చిన మాత్ర వేసుకుంది. పాస్టరు గారు అప్పుడు ప్రార్థన చేశారు.

కింద టీ తాగుతుంటే సంచిలోంచి ఒక పొడుగు నోట్‌బుక్ తీసి చూపించారు. దుకాణాల్లో ఖాతాలు రాసుకునే రకం. ఎవరైనా వచ్చి దేవుడు నాకిలా చెప్పాడు అంటే, తేదీ వేసి, వాళ్ల మాటల్లోనే రాసుకుంటారట. ఆర్నెల్ల తర్వాత వాళ్లతో కూర్చుని తిరగేస్తారు. జరిగిందా లేదా. అంతకన్నా ముఖ్యంగా, ఆ మాట విని వాళ్లు మంచివాళ్లయ్యారా, ఇంట్లో గొడవలు పెరిగాయా. చాలా వాటి మీద అడ్డగీతలున్నాయి. కొన్నింటి మీద లేవు.

"సర్వీసు లాగ్ లాగా ఉంది అయ్యగారూ" అన్నాను.

"బస్సుకి కూడా రాసేవోణ్ని" అన్నారు.

ఇది ఆయన కనిపెట్టింది కాదు. ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది: ప్రవక్త పేరు చెప్పుకుని అన్న మాట జరగకపోతే అది దేవుడి మాట కాదు. పదమూడో అధ్యాయం ఇంకా కఠినం: జరిగినా సరే, అది నిన్ను దేవుడికి దూరం చేస్తే వినకు. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పింది కూడా లేఖనాల్లో రోజూ వెతికి చూసుకునేవాళ్లు. పౌలు అంతటివాడినే చెక్ చేశారు, దానికి వాళ్లని మెచ్చుకున్నారు తప్ప తప్పుపట్టలేదు. అదే పౌలు ఫిలిప్పీవాళ్లకి రాస్తూ, వాళ్ల ప్రేమ తెలివితోనూ వివేచనతోనూ కలిసి పెరగాలని ప్రార్థించాడు. రెండింటినీ విడదీయలేదు. ఆయన పక్కన తిరిగిన లూకా వైద్యుడు.

మరి మనిషి జ్ఞానం మీద ఆధారపడకూడదు అన్న మాట సంగతేంటి? దాన్ని నేను ఇప్పుడు ఇలా చదువుకుంటున్నాను. జ్ఞానం వద్దని కాదు, చివరి సంతకం దానిది కాదని. షుగరు 412 అని మీటరు చెప్తుంది. ఆ నంబరు చూసి భయపడి మైకు దగ్గరికి పరుగెత్తాలా, కొడుక్కి చెప్పాలా, గర్వం పక్కన పెట్టి మాత్ర వేసుకోవాలా... అది మీటరు చెప్పదు. ఏ కంపెనీ ఎంత ఇస్తుందో ఎక్సెల్ చెప్తుంది. ఇంటికి దూరం ఐదు శాతం ఎందుకు, టీ కుర్రాడి ముఖం చూసి కలిగిన గుచ్చుకునే తనాన్ని ఎందుకు అణిచేశావు... అది ఎక్సెల్ అడగదు. అడిగేవాడు ఒకడుండాలి. నమ్మేవాళ్లం ఆయన్ని పరిశుద్ధాత్మ అంటాం.

ఏప్రిల్‌లో జీతాలు ఆగాక పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ప్రార్థన చేసే చేరానయ్యా, అయినా ఇలా అయింది అన్నాను. ఆయన ఒకటే అడిగారు.

"ఆ ఉద్యోగం వద్దని దేవుడు సెప్తే మానేద్దామనుకునే అడిగావా బాబూ?"

జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది. భక్త సింగ్ రెండేళ్లు ఏం చేశాడో అప్పుడు కాస్త అర్థమైంది. వద్దు అనే మాట వినడానికి మనిషి సిద్ధపడటానికే అంత టైం పట్టిందేమో.

జూలైలో విశాఖపట్నంలోనే ఒక ఉద్యోగం దొరికింది. జీతం బెంగళూరు కన్నా తక్కువ. ఏ దర్శనమూ రాలేదు. పాత స్నేహితుడొకడు రెఫర్ చేశాడు, రెండు రౌండ్లు అయ్యాయి, తీసుకున్నారు. దీన్ని సాక్ష్యంగా చెప్పమని మా సంఘంలో అడిగారు. ఇంకా చెప్పలేదు, తొందరేముందని. ఆర్నెల్లు గడవనీ, పాస్టరు గారి నోట్‌బుక్‌లో అడ్డగీత పడుతుందో లేదో చూద్దాం అన్నాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

ఇప్పుడు ఇది రాస్తున్న టైంకి హైదరాబాద్ నుంచి ఒక కొత్త ఆఫర్ మెయిల్‌లో ఉంది. జీతం దాదాపు రెట్టింపు. శుక్రవారంలోపు జవాబివ్వాలి. ఎక్సెల్ మళ్లీ తెరిచాను, అలవాటు పోదు కదా. ఈసారి వెయిటేజీలు వేయలేదు. ముగ్గురికి పంపాను. పాస్టరు గారికి ప్రింటు తీసిచ్చాను, ఆయనకి ఫోన్‌లో అక్షరాలు కనబడవు. నేను ఏం చెప్పినా 'వద్దు' అనే స్నేహితుడొకడున్నాడు, వాడికి. మూడోది అమ్మకి. షీట్ ఆమెకి అర్థం కాదు, నాన్న చదివి వినిపించాడు.

పొద్దున అమ్మ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కుక్కర్ విజిల్ వినబడుతోంది.

"పొద్దుట సూసాను, తినకముందు 118 వచ్చింది. మాత్రేసుకున్నాను. నీ ఉజ్జోగం సంగతి నిన్న రేత్రి ప్రార్థనలో పెట్టాను, నాకింకా ఏటీ తెల్లేదు, తెలిస్తే సెప్తాను. నువ్వు టిఫినీ సేసావా?"